మా అమ్మ దీపం పెట్టిన మధ్యాహ్నం

కిందటి అక్టోబరులో నేనొక వీడియోకి ఎక్కాను. అమెరికాలో, ప్లేనోలో మా అమ్మాయి శ్రీదేవి ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక పీకాన్ చెట్టుంది, అక్రోటు లాంటి పప్పు కాయలు కాస్తుంది. కాయలు రాలి కాలిబాట నిండా పడి ఉంటాయి. తొక్కుకుంటూ పోయేవాళ్ళే తప్ప ఏరేవాళ్ళు లేరు. చలిగా ఉందని నా మనవరాలి బూడిదరంగు హుడీ తొడుక్కుని, టోపీ నెత్తి మీదికి లాక్కుని, వంగి ఓ గుప్పెడు ఏరుకున్నాను. ఆ ఇంటి గుమ్మంలో బెల్లుకే కెమెరా ఉంటుందని నాకు తెలియదు. సాయంత్రానికి నేను ఆ వీధి వాళ్ళ గ్రూపులో ఉన్నాను. మొహం కనపడదు. వంగడం, లేవడం, అటూ ఇటూ చూడడం, అంతే. కింద ఆ ఇంటావిడ రాసింది, ఈ మనిషెవరో తెలుసా, మన ఇళ్ళకేసి చూస్తూ తిరుగుతోంది అని. దాని కింద ఒకరి తర్వాత ఒకరు. గరాజ్ తలుపులు వేసుకోండని ఒకరు. నిన్న కూడా చూశానని ఒకరు. నిన్న నేను ఇల్లు కదల్లేదు. పోలీసులకి కాల్ చేయండని ఇంకొకరు.

శ్రీదేవి ఆఫీస్ నుంచి వచ్చీ రాగానే ఫోన్ నా ముందు పెట్టింది. "అమ్మా, నీ గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ ఇంకా అవ్వలేదు. అది అయ్యేదాకా ఒక్కదానివే వాకింగ్‌కి వెళ్ళకు" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. తర్వాత అదే గ్రూపులో ఈవిడ మా అమ్మ అని రాసింది. వెంటనే అందరూ ఎర్ర గుండె బొమ్మలు పెట్టారు. పోలీసులకి కాల్ చేయమన్న మనిషి కూడా పెట్టాడు. అక్కడితో ఆ సంగతి అయిపోయింది. నా చేతులు మాత్రం ఆ పూటంతా ఆగలేదు. కాఫీ కప్పు సాసర్‌లో గలగలమంటుంటే నా మనవరాలు మేఘ చూసింది. పద్నాలుగేళ్ళ పిల్ల, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే ముక్కలు ముక్కలుగా వస్తుంది. "అమ్మమ్మా, వై ఆర్ యూ షేకింగ్? ఇట్స్ జస్ట్ ఎ వీడియో" అంది. జస్ట్ వీడియో అనే మాట నాకు నచ్చలేదు. యాభై ఏళ్ళకి పైగా నోట్లోంచి రానిది ఆ మాటకి వచ్చింది.

మాది విశాఖ రేవుకి పైన సముద్రం ఒడ్డునున్న చేపలవాళ్ళ పేట. మా ఇంటి రోజు ఎండని బట్టి నడిచేది. పొద్దెక్కాక మా అమ్మ నూకాలు వేలెడంత చేపలు, నెత్తళ్ళు, తెచ్చి ఇసక మీద పరిచిన వలల మీద పోసి, ఒక్కొక్క దాన్నీ అంటకుండా విడదీసేది. మధ్యాహ్నం ఒకసారి తిరగేసేది. పొద్దు వాలుతోందంటే పిల్లలం ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి చేపలు ఎత్తి గంపల్లో పోసి తాటాకు చాప కప్పాలి. మంచు పడితే చేప మెత్తబడి పురుగు పడుతుంది. పేటలో ఏ ఇంట్లోనైనా పొద్దుగూకాక చేపలు బయట ఉన్నాయంటే, ఆ ఇంట్లో చావు జరిగిందనుకోవాలి. ఆ వాసన నా వంటికి ఎంత పట్టిందంటే, ఈ దేశంలో దుకాణంలో ప్లాస్టిక్ కవర్లో ఉన్న ఎండుచేపని కూడా నేను ముక్కుతోనే కనిపెడతాను. శ్రీదేవి వండనివ్వదు. ఇల్లంతా వాసన, పొగ అలారం మోగుతుంది అంటుంది.

పాకిస్తాన్‌తో యుద్ధం వస్తుందన్న మాట అసలు యుద్ధానికి ముందే మా పేటకొచ్చింది. రేవు పక్కనే ఉన్నాం, బాంబు పడితే ముందు మా మీదే. పొద్దుగూకితే దీపం పెట్టకూడదని చాటింపు వేశారు. వంటలు ఎండ ఉండగానే అయిపోవాలి. తాటాకు గోడల సందుల్లో పాత చీరపేలికలు కూరాం. గోతులు తవ్వుకోమన్నారు. ఇసకలో గొయ్యి నిలుస్తుందా, తవ్వినంతసేపు తవ్వితే తెల్లారేసరికి పూడిపోయేది. చేతికి పట్టీ కట్టుకున్న వాలంటీర్లు ఈల ఊదుకుంటూ తిరిగేవారు. చీకట్లో కూర్చుని సముద్రాన్ని వినడం ఒక్కటే పని. పుట్టినప్పటి నుంచీ వింటున్న అల చప్పుడే, దానిలో ఇంకేదో ఉందనిపించేది. పిల్లలు దగ్గితే పెద్దవాళ్ళు నోరు మూసేవారు, ఆ దగ్గు సముద్రంలో శత్రువు ఓడ వాళ్ళకి వినపడుతుందన్నట్టు. మా నాయనమ్మ ఒక్కతే భయపడలేదు. ఆవిడ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. వాలంటీరు వచ్చి చుట్ట ఆర్పమంటే, "నా నిప్పు నా నోట్లో ఉంది నాయనా. ఇమానమోడు నా నోట్లోకి తొంగి సూస్తాడేటి?" అనేది. ఆ చీకటి రోజుల్లో మేము నవ్విన నవ్వు అదొక్కటే.

అప్పుడొచ్చారు సినిమా వాళ్ళు. సర్కారు తరఫున చిన్న సినిమా తీస్తారట. బాంబుల వేళ జనం ఎలా ఉండాలో చూపిస్తారట, అన్ని హాళ్ళలో అసలు సినిమాకి ముందు వేస్తారట. జీపు, మూడు కాళ్ళ కెమెరా, నలుగురు మనుషులు. పెద్దాయన పేరు మాకు తెలియదు, టోపీ ఆయన అనేవాళ్ళం. ఆయన పేటనంతా తీశాడు. వలలు లాగే మగవాళ్ళని, గోతుల్లోకి దూకే పిల్లల్ని, ఈల ఊదే వాలంటీరుని. అందరూ పట్టపగలు, అందరి ఎదురుగా. చివరికి ఆయనకి ఒక తప్పు కావాల్సి వచ్చింది. అందరూ దీపాలార్పి కూర్చున్న పేటలో ఒక ఇల్లాలు తెలియక దీపం వెలిగిస్తుంది, వాలంటీరు వచ్చి మందలిస్తాడు, ఆమె ఆర్పేస్తుంది. దీనికెవరూ ముందుకు రాలేదు. మా ఇల్లు చివర, సరుగుడు తోపు పక్కన, ఎదురుగా సముద్రం. మా ఇల్లు ఆయన కంటికి ఆనింది. అమ్మ వద్దంది. పేటపెద్ద ఎర్రయ్య తాత, "సర్కారోళ్ళు అడిగితే కాదంటావేటే నూకాలూ, రెండు నిమిషాల పని" అన్నాడు. ఆ మాట ఆయనే అన్నాడు. ఇది గుర్తుంచుకోండి, తర్వాత ఆయన మర్చిపోయాడు.

మధ్యాహ్నం తీశారు. సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉన్నాడు. బొమ్మలో ఎవరి నీడా పడకూడదని జనాన్నంతా సరుగుడు తోపు అవతలికి తోలేశారు. మగవాళ్ళు వేటలో ఉన్నారు, మా అయ్య కూడా. మిగిలింది అమ్మ, నేను, ఆ నలుగురూ, ఈల వాలంటీరూ. ఆ వాలంటీరు మా పేటవాడు కాదు, వాళ్ళు టౌన్ నుంచి తెచ్చుకున్న మనిషి. అమ్మ గుమ్మంలో కూర్చుని కిరసనాయిల్ బుడ్డి వెలిగించాలి. ఎండలో బుడ్డి వెలుతురు కనపడితే కదా. ఇంటి వెనక తాటాకు ఊడదీసి, నిలువెత్తు అద్దం పెట్టి, ఎండనే అమ్మ వెనక నుంచి బయటికి మళ్ళించారు. నేను ఆమె పక్కన నిద్రపోతున్నట్టు పడుకోవాలి. మొదటిసారి నాకు నవ్వొచ్చింది. "అమ్మా, ఎండకి దీపమేటే?" అన్నాను. కెమెరా ఆపేశారు. ఫిలిం పాడైందని టోపీ ఆయన మొహం ముడుచుకున్నాడు, అమ్మ నా తొడ మీద గిల్లింది. ఆయన తిట్టలేదు. నన్ను కెమెరా దగ్గరికి పిలిచి దానికి పెట్టిన నల్ల అద్దంలోంచి చూడమన్నాడు. చూశాను. ఇసక నల్లబడింది. ఆకాశం నల్లబడింది. సముద్రం మీద ఎండ కాస్తా వెన్నెలైపోయింది. "ఇప్పుడు చెప్పు పాపా, పగలా రాత్రా?" అన్నాడు. పగలు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అడిగాడు. "రాత్రి" అన్నాను. చేతిలో బిస్కట్టు పెట్టాడు. మూడోసారి అడిగి, మూడోసారి చెప్పించుకుని, ఇంకో బిస్కట్టు పెట్టాడు. వెళ్ళేటప్పుడు డబ్బా మొత్తం ఇచ్చేశాడు. అటువంటి డబ్బా మా పేటలో ఎవరింట్లోనూ లేదు. అమ్మ దాంట్లో సూదులూ దారాలూ పెట్టుకుంది.

యుద్ధం నిజంగానే వచ్చింది. ఒక రాత్రి సముద్రంలోంచి లేచిన చప్పుడుకి మా ఇంటి నిట్రాళ్ళు కదిలాయి. ఏమైందో ఎవరూ చెప్పలేదు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నారు. ఆ రోజుల్లో హాళ్ళలో సాయంత్రం ఆటలు లేవు, మ్యాట్నీ ఒక్కటే. మన పేట సినిమా వేస్తున్నారని కబురొస్తే ఆడవాళ్ళంతా కలిసి వెళ్ళాం. అమ్మ పెళ్ళినాటి చీర కట్టుకుంది. తెర మీద ఎవరి మనిషి కనపడితే వాళ్ళు ఈలలు, నవ్వులు. అన్నీ పగలే, అందరూ ఎరిగినవే. ఆ తర్వాత తెర నల్లబడింది. నల్లటి ఇసక, వెన్నెల పడిన సముద్రం, మా ఇల్లు, గుమ్మంలో మా అమ్మ. అగ్గిపుల్ల గీసింది. ఆమె వెనక నుంచి వెలుగు సముద్రం దాకా వచ్చింది. తెర వెనక నుంచి ఒక గొంతు అంది, ఈ ఒక్క వెలుగు చాలు శత్రువుకి దారి చూపడానికి అని. ఈల వినపడింది, అమ్మ దీపం ఆర్పింది. ఆ వెంటనే ఓడలు, విమానాలు, కూలిన ఇళ్ళు. మా వరసలో ఎవరూ నవ్వలేదు. అమ్మ పక్కన కూర్చున్న మా మేనత్త లేచి అవతలి కుర్చీలోకి వెళ్ళింది.

మా వాళ్ళు వెర్రివాళ్ళు కారు. వాళ్ళ లెక్క ఇదీ. కెమెరా ఉన్నది చూపిస్తుంది, లేనిది చూపించలేదు. కెమెరా వాళ్ళు మన ముందు పగలే తీశారు. నూకాలు ఇంటి దగ్గర తీసిందీ పగలే, తెర మీద మాత్రం నూకాలు రాత్రి దీపం పెట్టింది. అంటే సర్కారోళ్ళు ఎవరికీ తెలియకుండా ఒక రాత్రి వచ్చి పట్టుకున్నారు. నూకాలు రోజూ పెడుతోంది. సముద్రంలో చప్పుడు అందుకే. మరునాడు పొద్దున ఇసక మీద పేటంతా చేరింది. మా ఇంట్లోంచి బిస్కట్ల డబ్బా తెచ్చి మధ్యలో పెట్టారు. దాని మీద ఏవో అక్షరాలున్నాయి. అక్కడున్న వాళ్ళలో ఏ అక్షరాలూ చదవగలిగేవాళ్ళు లేరు కాబట్టి అవి ఏ దేశపు అక్షరాలైనా కావచ్చు. పోలీసులకి అప్పగించాలని కొందరు, ఎందుకు ఇక్కడే తేల్చేద్దామని కొందరు. మా అయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా నాయనమ్మ నోట్లో చుట్ట ఆరిపోయి ఉంది, అది ఆరిపోవడం నేను చూడడం అదే మొదలు.

అమ్మ చెప్పింది. మజ్జానం తీశారు, నల్ల అద్దం పెట్టి తీశారు అని. "అద్దమెడితే సూరీడు సెందురుడైపోతాడేటే?" అని ఎర్రయ్య తాత అన్నాడు. కొందరు నవ్వారు. అప్పుడు అమ్మ నన్ను చేయిపట్టి ముందుకు లాగింది. "నా గుంట అబద్ధమాడదు. అది నా పక్కనే ఉంది. దాన్నడగండి" అంది. ఆ గొంతులో భయం లేదు. తేలిపోయిందన్న ధీమా ఉంది. ఎర్రయ్య తాత నా ముందు గొంతుక్కూర్చున్నాడు. వేళ్ళ మధ్య చేప పొలుసు మెరుస్తోంది. చుట్టూ కాళ్ళు, కర్రలు పట్టుకున్న కాళ్ళు కూడా.

"సెప్పే గుంటా. మీ యమ్మ దీపమెట్టింది పగలా, రేతిరా?"

ఆ ప్రశ్న నేనెరుగుదును. దానికి సరైన జవాబు నాకు నేర్పి ఉన్నారు. తప్పు చెబితే ఫిలిం పాడవుతుంది, అమ్మ గిల్లుతుంది. అయినా అది ఒక్కటే కారణం అనను. తెర మీద నేనే చూశాను కదా, వెన్నెలని. అందరూ చూశారు. ఇంతమంది చూసినదాన్ని నేనొక్కదాన్నీ కాదంటే వీళ్ళు నన్నేం చేస్తారోనని భయపడ్డాను.

"రేతిరి" అన్నాను.

అమ్మ నా చెయ్యి వదల్లేదు. అది ఇప్పటికీ నాకు అర్థం కాదు. కొట్టలేదు, అరవలేదు, నా చెయ్యి అలాగే పట్టుకుని ఉంది. పోలీసుల దాకా వెళ్ళలేదు, నాయనమ్మ వెళ్ళి ఎర్రయ్య తాత కాళ్ళ మీద పడింది. వెలేశారు. మా తెప్పని నీళ్ళలోకి నెట్టడానికి ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అమ్మ గంప ఎత్తుకుంటే పక్కన నడిచేవాళ్ళు లేరు. పది రోజులకి తెప్ప ఒడ్డునే వదిలేసి, సముద్రం వినపడని ఊరు వెతుక్కుంటూ పోయాం. మా అయ్య బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. నీళ్ళ మీద పుట్టిన మనిషి, దుమ్ములో దగ్గుతూ పోయాడు. నాయనమ్మ మాతో రాలేదు.

కొత్త ఊళ్ళో అమ్మకి ఒక అలవాటు వచ్చింది. దీపం తను వెలిగించేది కాదు. పొద్దువాలితే "పాపా, దీపమెట్టు" అని నన్ను పిలిచేది. కరెంటు వచ్చాక స్విచ్ కూడా అంతే. నేను పెళ్ళయి వెళ్ళాక పక్కింటి పిల్లల్ని పిలిచేది. ఎవరూ దొరక్కపోతే చీకట్లో కూర్చునేది. ఆ రోజు గురించి నన్నొక్క మాట అనలేదు. పాతికేళ్ళు దాటాక నేను శ్రీదేవి పలక మీద అక్షరాలు దిద్దుకుంటుంటే, ఎందుకే ఈ వయసులో అని అందరూ అడిగారు, అమ్మ అడగలేదు. డబ్బా మీద ఏం రాసుందో చదవడానికి నేర్చుకున్నానని ఆమెకి తెలుసు. డబ్బా అప్పటికే సముద్రంలో పారేసి ఉన్నారు. అమ్మ పోయేనాటికి నేను పేపరు మొత్తం చదివేదాన్ని. ఆ రోజు నా చెయ్యి ఎందుకు వదల్లేదని మాత్రం అడగలేకపోయాను.

ఇదంతా మేఘకి ఒక్కసారి చెప్పలేదు. వారం పట్టింది. చివరి ముక్క, నేను రేతిరి అన్న ముక్క, చెప్పనేలేదు. మా అమ్మని సినిమాలో చూసి అనుమానించారని ఊరుకున్నాను. ఆ పిల్ల ఊరుకోలేదు. పాత సర్కారు సినిమాలు ఎక్కడో కంప్యూటర్లో దాచిపెట్టి ఉంటారట. సెర్చ్ చేసి చేసి, ఒక శనివారం మధ్యాహ్నం ల్యాప్‌టాప్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. "అమ్మమ్మా, ఫౌండ్ ఇట్. నైన్ మినిట్స్. ఓకేనా నీకు?" అంది. ఓకే కాదు. శ్రీదేవి కూడా వచ్చి నా వెనక నిలబడింది. తనకీ ఈ సంగతి తెలియదు.

మొదట తెల్ల అక్షరాలు వచ్చాయి. ఆ రోజు హాల్లో ఇవి వచ్చినప్పుడు మేమంతా పల్లీలు ఒలుచుకుంటున్నాం, మాకు అవి గీతలు. ఇప్పుడు చదివాను. పైకే చదివాను, కూడబలుక్కుని. "ఇందులోని కొన్ని ఘట్టములు ప్రజల సహకారముతో మరల నటింపజేసి చిత్రించినవి." మేఘ అర్థం అడిగింది. వాళ్ళమ్మ చెప్పింది, అంటే యాక్ట్ చేయించి తీశారని. తర్వాత మా వలలు, మా గోతులు, దూకే పిల్లలు. మా అయ్య ఒక్క క్షణం, తడి గోచీతో, నాకన్నా ముప్పై ఏళ్ళు చిన్నవాడు. ఆ తర్వాత నల్లటి ఇసక వచ్చింది. అమ్మ అగ్గిపుల్ల గీసింది. చెయ్యి వణికింది. ఆవిడ పక్కన పడుకుని ఉన్నది నేను, కళ్ళు గట్టిగా మూసుకుని, నోట్లో బిస్కట్టు ఇంకా కరుగుతూ.

"వెయిట్" అని మేఘ ఆపింది. వేలు పెట్టి చూపించింది. "ఇదేంటి? గ్రౌండ్ మీద, షైనీగా?"

కళ్ళజోడు తీసి తుడుచుకుని చూశాను. మా ఇంటి ముందు, వెన్నెల్లో, వలల మీద, ఒక్కొక్కటీ అంటకుండా విడదీసి పరిచిన నెత్తళ్ళు.

"చేపలు" అన్నాను. "ఎండబెట్టినవి."

"నైట్ టైమ్‌లోనా?"

ఆ పిల్ల ప్లేనోలో పుట్టింది. సముద్రాన్ని సెలవుల్లో చూసింది. తనకి తట్టింది. ఆ హాల్లో ఆ రోజు పుట్టినప్పటి నుంచీ చేపలు ఎండబెట్టిన ఆడవాళ్ళు ఇరవై మంది ఉన్నారు. పొద్దుగూకాక ఒక్క నెత్తల్ని కూడా బయట వదలనివాళ్ళు. చదువొచ్చినవాళ్ళ కోసం సినిమా వాళ్ళు అక్షరాల్లో రాశారు, అది మేము చదవలేకపోయామంటే అర్థముంది. ఇది మేము చదవగలిగిన రాత. మా అమ్మ కాళ్ళ దగ్గరే తెర నిండా ఉంది. మేనత్త చూసింది, ఎర్రయ్య తాత పెళ్ళాం చూసింది, నేను చూశాను. అమ్మ కూడా చూసింది, ఆమెకీ తట్టలేదు. గుండెల్లో భయం ఉన్నప్పుడు కంటికి దీపం ఒక్కటే కనపడుతుంది. ఈ వీధిలో నన్ను చూసినవాళ్ళకీ హుడీ కనపడింది, నా గుప్పెట్లో కాయలు కనపడలేదు. ఇక్కడ వాళ్ళు గంటలో గుండె బొమ్మలు పెట్టారు, శ్రీదేవికి ఇంగ్లీషులో రెండు ముక్కలు రాయడం వచ్చు కాబట్టి. రాకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. అందుకే ఆ గుండె బొమ్మల మీద నాకంత నమ్మకం లేదు.

అప్పుడు చెప్పేశాను. నన్ను అడిగారని, నేను రేతిరి అన్నానని. శ్రీదేవి నా భుజం మీద చెయ్యి వేసి, "చిన్నపిల్లవి కదమ్మా" అంది. మేఘ ల్యాప్‌టాప్ దగ్గరికి జరిగింది. తెర మీద ఆగిపోయిన మా అమ్మనే చూస్తోంది. "షీ లుక్స్ స్కేర్డ్" అంది. "ఇట్స్ నాట్ యాక్టింగ్." అవును. పట్టపగలు దీపం ముందు ఆ చెయ్యి నిజంగానే వణికింది. ఆవిడకి అప్పుడే ఏదో తెలిసిందేమో అనుకుంటే నా మనసు కొంచెం తేలికపడుతుంది. ఆవిడకీ అది రాత్రిలాగే అనిపించిందేమో, నేను చెప్పింది మరీ అబద్ధం కాదేమో. ఇలాంటివి నాకు చాలా తోస్తాయి. అవన్నీ నన్ను నేను ఓదార్చుకోవడానికి.

ఆ సాయంత్రం ఈ ఇంటి దీపాలు ఎప్పటిలాగే వాటంతట అవే వెలిగాయి. గుమ్మం ముందుది, గరాజ్ మీదది, ఎదురింటి వాళ్ళవి. ఎవరూ వెలిగించలేదు, ఎవరినీ ఎవరూ అడగరు. నేను కిటికీ పక్కన కూర్చుని ఈ కాగితాలు తీశాను. అడిగినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఎర్రయ్య తాత లేడు, మేనత్త లేదు, ఆ పేట ఉన్నచోట ఇప్పుడు రోడ్డుంది. నన్ను సాక్షిగా నిలబెట్టిన మనిషి కూడా లేదు. అయినా సాక్ష్యం సాక్ష్యమే, ఆలస్యమైనా చెప్పాలి, ఇప్పుడు రాయడం కూడా వచ్చు.

పగలు. సూర్యుడు నెత్తి మీద ఉన్నాడు. చేపలు ఇంకా తిరగెయ్యలేదు.